ఇనుము ముట్టని ఇంజినీరింగ్ వర్ధిల్లాలి

ఇంజినీరు అన్నవాడు ఇనుమును ముట్టుకోకూడదు. ఈ మాట నేను పుట్టించింది కాదు. మా కోయంబత్తూరులో మా మనవరాలు చదివే కాలేజీ వాళ్లు నాలుగేళ్లుగా చేసి చూపిస్తున్నదే. నాకే ఆలస్యంగా తలకెక్కింది. ఎక్కాక ఇంత గొప్ప సంగతిని నలుగురికీ చెప్పకుండా కడుపులో దాచుకుంటే పాపం కదా అని రాస్తున్నాను.

ముందు మా ఇంటికి జరిగిన మేలు చెబుతాను. మా ఆయన మరుదాచలం అవారంపాళయంలో ముప్ఫై ఎనిమిదేళ్లు లేత్ షాపు నడిపాడు. ఆయన చొక్కాలు ఉతికిన చేతులివి. సీకాయపొడి వేశాను, చాకలిసోడా వేశాను, చివరికి కిరోసిన్ కూడా పోసి చూశాను. ఆయిలు మరక పోలేదు, నా ప్రాణం పోయింది. ఇనుప రజను ఆయన జేబుల్లో ఎక్కి దిండు గలీబు దాకా ప్రయాణం చేసేది. పెళ్లయిన కొత్తలో మా రసంలో కూడా ఇనుము రుచే తగిలేది.

ఇప్పుడో? మా మనవరాలు నితిల మెకానికల్ ఇంజినీరింగ్ ఆఖరి ఏడు. నాలుగేళ్లలో దాని యూనిఫాం మీద పడ్డ పెద్ద మరక సాంబారుది. అదీ క్యాంటీన్‌లో పడింది. దీన్ని అభివృద్ధి అనక ఏమంటారు?

వేళ్ల సంగతి కూడా చూడండి. మా ఆయనకు తొమ్మిదిన్నర వేళ్లు. మా వీధి మగవాళ్లంతా ఒక అరుగు మీద కూర్చుంటే వేళ్ల లెక్క ఎప్పుడూ పదుల్లో తేలేది కాదు. నితిల క్లాసులో అరవై మంది ఉన్నారు, ఆరువందల వేళ్లూ భద్రం. వాళ్ల కోతలన్నీ కంప్యూటర్‌లోనే. అందులో కత్తి వెళ్లి దేనికైనా గుద్దుకుంటే ఏమవుతుందని అడిగాను.

"ఎర్ర పెట్టె ఒకటి వస్తుందప్పత్తా. ఓకే నొక్కితే పోతుంది" అంది. మా వైపు నాన్నమ్మను అప్పత్తా అంటారు.

అదే మా షాపులో గుద్దుకుంటే ఆ మోత రెండు వీధులు దాటి నా వంటింట్లోకి వచ్చేది. నేను పొయ్యి ఆర్పేసేదాన్ని. ఆ పూట ఎవరూ తినరని తెలుసు. మా కాలంలో కష్టాలకు ఓకే బటన్ ఉండేది కాదు.

రెండేళ్ల క్రితం వీళ్ల సిలబస్ మార్చారు. ఆకురాయి పట్టి గీకడం, సుత్తి కొట్టడం తీసేశారు. ఇకమీదట అంతా డిజిటల్ తయారీ అన్నారు. 'డిజిటల్ ట్విన్' అని ఒక పాఠం పెట్టారు. అదేమిటే అని నితిలను అడిగాను.

"మెషిన్‌కి కవల లాంటిదప్పత్తా. కంప్యూటర్‌లో ఉంటుంది. అసలు మెషిన్ ఏం చేస్తుంటే ఇదీ అదే చేస్తుంది."

"అసలు మెషిన్ ఏం చేస్తోందే?"

"ఏమీ చేయట్లేదు."

"మరి ఈ కవల?"

"ఇదీ ఏమీ చేయట్లేదు."

ఇంత అచ్చుగుద్దినట్టున్న కవలలను నేను ఎక్కడా చూడలేదు.

అసలు మెషిన్ ఉందండోయ్, లేదని కాదు. సముద్రం మీద ఓడలో వచ్చింది. చిన్న గుడి అంత ఉంటుంది. కత్తి అయిదు తీర్లుగా తిరుగుతుందట. ఏ వంకర రెక్కనైనా దిమ్మలోంచి చెక్కి తీస్తుందట. దానికి అద్దాల గది కట్టారు, ఏసీ పెట్టారు. చెప్పులు బయట విడవాలి. తాళంచెవి డిపార్ట్‌మెంట్ పెద్ద జ్ఞానశేఖరన్ గారి చొక్కా లోపల, తాడుకు వేలాడుతుంది. పిల్లలు ఏడాదికి రెండుసార్లు పదిహేను మంది చొప్పున వచ్చి, అద్దానికి ముక్కు ఆనించి చూసి, రికార్డు పుస్తకంలో 'యంత్రమును పరిశీలించితిమి' అని రాసుకుని పోవాలి. దానికి మార్కులు.

మా షాపుల్లో ఆయుధపూజ నాడు ఒక్కరోజే మెషిన్లకు సెలవు. కాలేజీలో మూడువందల అరవై అయిదు రోజులూ ఆయుధపూజే. భక్తిలో చదువుకున్నవాళ్లు మమ్మల్ని మించిపోయారు!

ఇంత చల్లగా సాగుతున్న చదువుకు ఈ మధ్య ఒక పంపుల కంపెనీ వల్ల దిష్టి తగిలింది. ఉద్యోగాలిస్తామని వాళ్లు కాలేజీకి వచ్చారు. నితిల కంప్యూటర్‌లో ఒక ఇంపెల్లర్ గీసింది. పంపు లోపల తిరుగుతూ నీళ్లను విసిరే రెక్కల చక్రం అన్నమాట. కంపెనీ ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడట. "బొమ్మ బాగుందమ్మా. వచ్చే శనివారం ఆఫీసుకి వచ్చేటప్పుడు దీన్ని నీ చేత్తో చేసి పట్టుకురా. దాన్ని బట్టి నీ ఉద్యోగం సంగతి చూద్దాం" అని వెళ్లిపోయాడట.

చూశారా, మన పరిశ్రమలు ఎంత వెనకబడి ఉన్నాయో? వాళ్లకు ఇంకా వస్తువు కావాలట!

సోమవారం నితిల జ్ఞానశేఖరన్ గారి దగ్గరికి వెళ్లి ఒక్క పూట మెషిన్ ఇవ్వమని అడిగింది. ఆయన మంచివాడు, అబద్ధం చెప్పకూడదు. కోసేటప్పుడు కత్తి ఎందుకు వణుకుతుందో పరిశోధన చేసి డాక్టరేట్ పుచ్చుకున్నవాడు. ఆ వణుకు ఇప్పటికీ చూడాలంటే తాళంచెవి అడిగితే చాలు, ఆయన చేతుల్లో కనిపిస్తుంది.

సాయంత్రం పిల్ల ఇంటికొచ్చి పళ్లెం ముందు కూర్చుంది గానీ ముద్ద ఎత్తలేదు.

"ఏమన్నాడే?"

"మెషిన్ ముట్టుకోవాలంటే ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉండాలట."

"తెచ్చుకో మరి."

"మెషిన్ మీద పనిచేస్తేనే ఆ సర్టిఫికెట్ ఇస్తారట. వచ్చే సోమవారం తనిఖీ కమిటీ వస్తోంది, ఈలోగా దాని మీద గీత పడితే నీకు డిగ్రీ రాదు, నాకు పెన్షన్ రాదు అన్నారు."

"ఊళ్లో అలాంటి మెషిన్లు ఎన్ని లేవు. బయట చేయించుకుని నేనే చేశానని చెప్పెయ్."

"చేయకుండా చేశానని ఎలా చెప్పనప్పత్తా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఈ కొత్త సిలబస్‌లో నాకు కనిపించిన లోపం ఇదొక్కటే. పిల్లలకు అబద్ధమాడటం నేర్పడం లేదు. ఆ లోటు ఇంట్లో పెద్దవాళ్లే పూడ్చాలి.

మర్నాడు కిట్టుసామికి కబురు పెట్టాను. కిట్టుసామి ఆ కాలేజీలో ఫోర్‌మన్. పదకొండేళ్లు మా ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు. మా ఆయన మాత్రం తక్కువ తిన్నాడా? మొదటి మూడేళ్లు వాడిచేత టీ తెప్పించాడు గానీ లేత్ హ్యాండిల్ మీద చెయ్యి వేయనివ్వలేదు. ఈ జబ్బు కొత్తది కాదు, పేరే కొత్తది.

"నీకు ఆ మెషిన్ నడపడం వచ్చునా రా?" అన్నాను.

"కొన్నప్పుడు అయిదు రోజులు నేర్పారక్కా. అన్నీ వచ్చు, తాళం తీయడం తప్ప. సార్ తాళం తీసి పక్కనే నిలబడితే రెండేళ్లుగా రోజూ తుడుస్తున్నా. అంత మెత్తటి గుడ్డతో నా పిల్లల మొహం కూడా తుడవలేదు."

"బుధవారం ఆయుధపూజకు గది తెరుస్తారు కదా?"

"పూజకు తెరుస్తారు. హారతి కళ్లకద్దుకుని మళ్లీ వేసేస్తారు."

"అది చాల్లే" అన్నాను.

బుధవారం నేనే మరమరాలు, పుట్నాల పప్పు, బెల్లం మూట కట్టుకుని, ఒక బూడిద గుమ్మడికాయ నితిల చంకకెత్తి కాలేజీకి బయల్దేరాను. చెప్పులు బయట విడిచి గదిలో అడుగుపెట్టాను. ఏం మెషిన్, ఏం మెషిన్! నా పెళ్లిలో నేను కూడా అంత నిగనిగలాడలేదు. జ్ఞానశేఖరన్ గారు పట్టుపంచె కట్టి, గిన్నెడు గంధం కలిపి, కనిపించిన ప్రతి బటన్‌కూ బొట్టు పెడుతున్నారు.

"సార్, అది ఎమర్జెన్సీ స్టాప్" అన్నాడు కిట్టుసామి.

"దానికి పెద్ద బొట్టు పెట్టాలి మరి" అని ఆయన నిండుగా పూశారు.

హారతి అయింది. గుమ్మడికాయ కొట్టారు. మరమరాలు పంచారు. ఆయన తాళంచెవి చేతిలోకి తీసుకోగానే నేను అడిగాను.

"రేపు ఎన్నింటికి తంబీ ఆరంభం?"

"ఏ ఆరంభం అమ్మా?"

"అదేమిటి అలా అంటావు. పూజ చేసిన మెషిన్‌ను దశమి పొద్దున నడిపి, కొత్త దిమ్మ ఎక్కించి, ఏదో ఒక వస్తువు, ఒక జాబ్ కోసి దించాలి కదా. మొదలుపెట్టాక సగంలో ఆపకూడదు. పైగా కన్నెపిల్ల చేత్తో బటన్ నొక్కించాలి."

"నేనెప్పుడూ వినలేదే."

"నువ్వు పెద్ద చదువుల్లో ఉండిపోయావు, ఎవరు చెబుతారు? దించకపోతే మాత్రం..."

"దించకపోతే?"

"పండగపూట నా నోటితో ఎందుకులే తంబీ" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఆయన కిట్టుసామి వైపు తిరిగారు. మా ఆయన పోయాక, మా షాపులో అలాంటి ఆచారం లేదని ఈ లోకంలో నా తర్వాత తెలిసినవాడు వాడొక్కడే. వాడు నా వైపు చూశాడు, నితిల వైపు చూశాడు, తను రెండేళ్లుగా తుడుస్తున్న మెషిన్ వైపు ఇంకాస్త ఎక్కువసేపు చూశాడు.

"ఉంది సార్. ఒక ఏడు మేం మరిచిపోయాం. ఆ ఏడు మోటారు కాలిపోయింది. మేస్త్రి కాలు విరిగింది" అని కాసేపు ఆగి, "తనిఖీ వాళ్లు కూడా వచ్చారు సార్" అన్నాడు.

జ్ఞానశేఖరన్ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చిన్న జాబ్ అయితే సరిపోతుంది కదమ్మా?"

"చిన్నదే తంబీ. అరచేతిలో పడుతుంది."

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. నితిల సిలబస్ చూపించింది, కదల్లేదు. కంపెనీ ఉద్యోగం సంగతి చెప్పింది, కదల్లేదు. చదువుకోని ముసలిది ఒక దోషం పుట్టించేసరికి తాళం దానంతటదే వచ్చింది. డిజిటల్ తయారీకి ఏ విజ్ఞానం పునాదో మీకు తెలిసింది కదా?

గురువారం తొమ్మిదింటికి మెషిన్ మొదలైంది. అల్యూమినియం దిమ్మ ఎక్కించారు. నితిల తన ప్రోగ్రాం పెట్టింది. ఇరవై నిమిషాలు కాగానే జ్ఞానశేఖరన్ గారు "అయిపోయిందా?" అన్నారు.

"ఇంకా మూడుగంటల ఇరవై నిమిషాలుంది సార్" అంది నితిల, తల వంచుకుని.

"చిన్న జాబ్ అన్నారు!"

"చిన్నదే సార్, రెక్కలు ఎక్కువ. సగంలో ఆపకూడదు కదా" అన్నాడు కిట్టుసామి.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. నేను మరమరాల పొట్లం ఇచ్చాను. లోపల పాలలాంటి నీళ్లు చిమ్ముతున్నాయి, వెండి తురుములా పొట్టు రాలుతోంది. నాకు పాత వాసనలన్నీ వచ్చాయి గానీ ఆ సంగతి ఇప్పుడు వద్దు.

మూడో రెక్క దగ్గర మోత వచ్చింది. ఎద్దును కోస్తే అరిచినట్టు అరిచింది. ఎర్ర పెట్టె రాలేదు, ఓకే అని ఎవరూ అడగలేదు. నితిల ఎమర్జెన్సీ స్టాప్ మీది గంధం ముద్దను అరచేత్తో చరిచింది. మెషిన్ ఆగింది. తలుపు తీసి చూస్తే రెక్క సగానికి తెగి ఉంది.

నితిల దిమ్మ వైపు, కొలతలు రాసుకున్న కాగితం వైపు మార్చి మార్చి చూసింది.

"తప్పు నాదే. కంప్యూటర్‌లో దిమ్మ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది. ఇక్కడ ఎక్కడుందో మనమే కొలిచి మెషిన్‌కి చెప్పాలి. దిమ్మ కింద పెట్టిన పలక మందం కలపడం మరిచిపోయాను" అంది.

"సగంలో ఆగిపోయింది" అన్నారు జ్ఞానశేఖరన్ గారు, నా వైపు చూస్తూ.

"ఆగింది. దోషం పోవాలంటే రెండోది పూర్తిగా దించాలి" అన్నాను. నేను మాట ముగించేలోపే కిట్టుసామి రెండో దిమ్మ చంకన పెట్టుకుని గుమ్మంలో ఉన్నాడు.

ఈసారి నితిల మూడుసార్లు కొలిచింది. నాలుగోసారి కిట్టుసామి కొలిచాడు. మెషిన్ మళ్లీ మొదలైంది. మూడో రెక్క వచ్చింది. జ్ఞానశేఖరన్ గారు కుర్చీలోంచి లేచి, మెషిన్ తలుపుకు చెవి ఆనించి నిలబడ్డారు.

"వణుకుతోంది. విన్నావా అమ్మణీ, సన్నగా ఈల వేస్తోంది. వేగం తగ్గించు. ఇంకొంచెం. ఆఁ, అక్కడ ఆపు."

ఈల పోయింది. ఆయన చెవి తీయలేదు. పట్టుపంచె అంచు ఆ పాలలాంటి కూలెంట్ నీళ్లలో తడుస్తున్నా చూసుకోలేదు. వణుకు మీద మూడువందల పేజీలు రాసిన మనిషి దాన్ని చెవులారా విన్నది అదే మొదటిసారని కిట్టుసామి తర్వాత నాతో అన్నాడు.

సాయంత్రం నాలుగున్నరకు చక్రం చేతికొచ్చింది. ఇంకా వెచ్చగా ఉంది. నితిల దాన్ని కొంగులో పెట్టమని నాకిచ్చి, ఒక మూల కూర్చుని తనివితీరా ఏడ్చింది.

శనివారం కంపెనీకి మంచిదీ చెడిందీ రెండూ పట్టుకెళ్లింది. ఆ పెద్దమనిషి మంచిదాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టి, రెక్క తెగినదాన్ని చేతిలోకి తీసుకున్నాడట.

"ఇదేమైంది?"

"నా తప్పు సార్."

"ఏం తప్పో చెప్పు."

చెప్పిందట. అరగంట చెప్పిందట. మధ్యలో ఆయన ఇంకో ఇద్దరిని పిలిచి కూర్చోబెట్టి మొదటి నుంచి మళ్లీ చెప్పమన్నాడట. జూన్‌లో చేరమని కాగితం ఇచ్చారు. నితిల ఆ కాగితాన్నీ, రెక్క తెగిన చక్రాన్నీ దేవుడి గూట్లో పెట్టింది.

సోమవారం కమిటీ వచ్చింది. మెషిన్ మూలల్లో ఇరుక్కున్న పొట్టు చూసి, 'విద్యార్థులు యంత్రమును విరివిగా వాడుచున్నారు' అని మెచ్చుకుని వెళ్లింది. ప్రిన్సిపాల్ గారి ఆనందానికి హద్దుల్లేవు. ఇంత మంచి సంప్రదాయం ఊరికే పోకూడదని మరుసటి వారమే నోటీసు బోర్డు మీద ఉత్తర్వు పెట్టారు. ఇకమీదట ప్రతి విజయదశమికీ, ఉదయం తొమ్మిది నుంచి నాలుగున్నర వరకూ, ఎంపిక చేసిన ఒక విద్యార్థిని ఒక జాబ్ దించవలెను. మిగిలిన విద్యార్థులు అద్దం వెలుపల నుంచి పరిశీలించి రికార్డు రాయవలెను. మొదటిది చెడిన పక్షంలో రెండోది దించుట తప్పనిసరి.

నేను ఒక పూట కోసం ఆడిన అబద్ధం సిలబస్‌లోకి ఎక్కి కూర్చుంది!

నాకు ఆ మెషిన్ మీద ఏ కోపమూ లేదు. అన్ని సముద్రాలు దాటి వచ్చి, ఏడాదికొకసారి ప్రసాదం తిని పడుకోవడం దానికి మాత్రం ఇష్టమా? కంప్యూటర్ మీదా కోపం లేదు. పిల్ల ముందు అందులో గీయబట్టే కదా మెషిన్‌కి చెప్పగలిగింది. నా బాధంతా తాళంచెవి గురించే. మా ఆయన కాలంలో అది మా ఆయన నడుముకు ఉండేది, ఇప్పుడు డాక్టర్ గారి మెడలో ఉంది.

ఇలా అనుకుంటూ మొన్న ఆదివారం వాకిట్లో మునగాకు దూస్తుంటే జ్ఞానశేఖరన్ గారు స్కూటర్ దిగారు. లోపలికి రమ్మన్నాను. కాఫీ ఇచ్చాను. ఎండల గురించి మాట్లాడారు, మా కొళాయిల్లో వచ్చే చిరువాణి నీళ్ల గురించి మాట్లాడారు. గ్లాసు ఖాళీ అయినా లేవలేదు. చొక్కా చేతి అంచున ఆయిలు మరక ఉంది. దాన్ని బొటనవేలితో రుద్దుకుంటూ కూర్చున్నారు.

"అమ్మా, మీ షాపులో..." అని ఆగారు.

"చెప్పు తంబీ."

"దశమి ఆచారం ఒక్కటేనా? ఇంకేమైనా ఉండేవా? నెలకొకటి, అమావాస్యకొకటి, అలా. ప్రిన్సిపాల్ గారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. క్లాసులో ఇంకా యాభై తొమ్మిది మంది ఉన్నారమ్మా."

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన కాఫీ గ్లాసులోకి చూశారు.

"ఎందుకుండవు తంబీ, బోలెడు ఉండేవి" అని లోపలికి తిరిగి నితిలను కేకేశాను. "అమ్మణీ, గోడ మీది కాలెండర్ దించి పట్రా. ఆ చేత్తోనే కిట్టుసామి మామకు ఫోన్ చేసి ఉన్నపళంగా రమ్మను. సాక్ష్యం చెప్పడానికి ఒకడుండాలి."